తగిలినవాళ్లే చెప్పాలి

పెళ్లికి ఉంగరం ఎవరైనా తొడుగుతారు. మా ఆయన వెండెల్ మాత్రం చలికాలమంతా కూర్చుని నాకొక బొంతకోటు కుట్టాడు. ఇనుప కవచం కింద వేసుకునే దూదికోటు అది. మెడ నుంచి మోకాళ్ల దాకా నిలువు చారలుగా చేతికుట్టు, పైన ఆవపిండి రంగు నార బట్ట, లోపల మెత్తటి నీలం అస్తరు. చంక కింద, ఎవరికీ కనిపించని చోట రెండు బాతుల్ని కుట్టాడు. వాటిలో ఒకదాని మెడ వంకరగా వచ్చింది. “అది నేనే” అన్నాడు. ఆ బాతు గుర్తొచ్చినప్పుడల్లా నేను పనిచేసే నీటి పరీక్షశాలలో సీసాల మధ్య కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. పక్క బల్ల ఆమె నన్ను చూసి, “కొత్త పెళ్లికూతురికి సీసాల్లో కూడా మొగుడే కనిపిస్తున్నాడు” అనేది. కనిపించేవాడు మరి.

పాతకాలపు కత్తియుద్ధాలు ఆడే మా బృందం వసంతకాలపు పోటీ మే నెలలో, మా కౌంటీ పశువుల సంత జరిగే మైదానంలో పెట్టారు. ఆవుల కొట్టాల పక్కన గుడారాలు లేచాయి. విస్కాన్సిన్‌లో మే నెలను నమ్మడానికి లేదు. పొద్దున గడ్డి మీద మంచు పేరుకుంది, కాసేపటికే ఎండ చురుక్కుమంది, గాలి మాత్రం రోజంతా గుడారాల గుడ్డల్ని టపటపలాడిస్తూనే ఉంది. వారమంతా లారీలు నడిపేవాళ్లూ, పళ్లు పీకేవాళ్లూ, పన్నుల లెక్కలు చూసేవాళ్లూ అక్కడికొచ్చి జోళ్లు మార్చుకుని, పేర్లు మార్చుకుని ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లిపోతారు. నా పేరు గ్రెచెన్. అసలు పేరే పాతకాలం మనిషిలా ఉందని నేను మార్చుకోలేదు.

ఆ శనివారం పొద్దున్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. హెల్మెట్ పట్టీ బిగించాను, విప్పాను, మళ్లీ బిగించాను. పెళ్లయ్యాక ఇదే నా మొదటి పోటీ. చేతికి వెండెల్ కట్టిన ఆకుపచ్చ రిబ్బను ఉంది. దానికి తోడు మా గురువు ఓస్రిక్ ఒక మాట చెవిన వేసి వెళ్లాడు. ఆయన మిగతా రోజుల్లో డ్వేన్ అనే పేరుతో పాల ట్యాంకరు నడుపుతాడు. బరి దగ్గర మాత్రం నడుముకు తెల్ల పట్టీ కట్టిన నైట్, అంటే బిరుదు పొందిన వీరుడు. ఆ పట్టీ ఎవరికివ్వాలో తెల్ల పట్టీ వాళ్లందరూ కూర్చుని తేలుస్తారు.

“సాయంత్రం కూర్చుంటున్నాం. నీ పేరు ఎత్తుతా. పొద్దంతా బుద్ధిగా ఆడు” అన్నాడు.

“బుద్ధిగా అంటే ఎలా గురువుగారూ?”

“గెలవమని కాదు. ఎలా ఆడతావో అందరూ చూస్తుంటారని.”

మా ఆట సంగతి చెప్పాలి. కత్తులు పేముతో చేసినవి. కవచాలు నిజమైన ఇనుము, దెబ్బలు కూడా నిజమైనవే. బరిలో పర్యవేక్షకులుంటారు, కానీ ఎవరు గెలిచారో వాళ్లు చెప్పరు. దెబ్బ గట్టిగా పడిందా, ఊరికే రాసుకుపోయిందా అన్నది తగిలినవాళ్లే చెప్పాలి. అసలు కత్తయితే ప్రాణం పోయేదే అనిపిస్తే ‘గట్టిదే’ అని కింద పడిపోతాం. లేదంటే ‘తేలిక’ అని ఆట సాగిస్తాం. ఎదుటివాళ్లు మారు మాట్లాడకూడదు. చూసేవాళ్లు అసలే మాట్లాడకూడదు. ఆటంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. ఆ మాట మీద నమ్మకం పోయిన మనిషిని ఎవరూ వెళ్లగొట్టరు. ఆ మనిషితో తలపడటానికి ఎవరూ రారు, అంతే.

మొదటి జోడీ నాకూ ట్రూడీకీ పడింది. ట్రూడీ అత్యవసర విభాగంలో నర్సు, నా పెళ్లిలో తోడిపెళ్లికూతురు. డాలు మీద డాలు పెట్టి తోస్తూనే, “మొగుడు వంట చేస్తున్నాడా లేదా?” అని అడిగింది. “చేస్తున్నాడు, ఉప్పు వేయడు” అన్నాను. అదను చూసి నా పక్కటెముకల మీదికి ఒకటి విసిరింది. ఏదో మెత్తగా ఆనినట్టనిపించింది. ట్రూడీ ఆగిపోయింది. కత్తి కొంచెం దించి నా ముఖంలోకి చూసింది.

“తేలిక” అన్నాను.

హెల్మెట్ ఊచల వెనక ఆమె కళ్లు ఒక్క క్షణం అలాగే ఉన్నాయి. “సరే” అని మళ్లీ కత్తి ఎత్తింది. మరో నాలుగు ఊపుల్లో నేను ఆమె హెల్మెట్ మీద ఒకటి వేశాను. “గట్టిదే, గట్టిదే, తల్లీ!” అంటూ ట్రూడీ ఎప్పటిలాగే నాటకం ఆడుతూ పడింది. బరి చుట్టూ కట్టిన తాడు అవతల వెండెల్ చిన్నపిల్లాడిలా ఎగిరాడు. నాకు రెక్కలొచ్చినట్టుంది.

రెండో జోడీ హెల్మర్‌తో. వాడు జున్ను కర్మాగారంలో దిమ్మలు మోస్తాడు. వయసులో నాకన్నా చిన్న, వెడల్పులో నాకు రెండింతలు. వాడి దెబ్బంటే మా వాళ్లకు భయం, గౌరవం కూడా. వాడు నా డాలును పక్కకు నెట్టి అదే చోట, అదే పక్కటెముకల మీద లాగి కొట్టాడు. నేను ఒక అడుగు పక్కకు జరిగాను. ఒంటికి మాత్రం ఏమీ తెలియలేదు. తలగడతో కొట్టినట్టుంది.

“తేలిక!”

హెల్మర్ తన కత్తి వైపు చూసుకున్నాడు. “అక్కా...” అన్నాడు. నియమం గుర్తొచ్చిందేమో, తల వంచి, “అలాగే అక్కా” అన్నాడు. ఆ తర్వాత వాడు ఆడిన ఆటలో ప్రాణం లేదు. కాలి మీద ఒకటి, భుజం మీద ఒకటి వేసి గెలిచేశాను. చప్పట్లు కొట్టింది వెండెల్ ఒక్కడే. గాలికి గుడారాలు కొట్టుకుంటున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

నీళ్ల పీపా దగ్గరికి వెళ్లాను. అక్కడ ఆడినవాళ్ల కోసం నారింజ ముక్కలూ, ఉప్పునీటిలో ఊరిన దోసకాయలూ పెడతారు. దోసకాయ కొరికి ఆ పుల్లటి నీళ్లు గొంతులో దిగుతుంటే నాకు ఎప్పుడూ ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు నేను వెళ్లేసరికి అక్కడ మాట్లాడుకుంటున్నవాళ్లు గభాలున ఆగిపోయారు. ఒకామె నారింజ ముక్క అందించి, “ఎండ బాగా ఉంది కదూ” అంది. ఎండ అప్పుడు మబ్బు చాటున ఉంది.

దోసకాయ రుచి తెలియలేదు. అక్కడ నిలబడలేక కొట్టాల వైపు నడిచాను. వెనక నుంచి ఓస్రిక్ వచ్చాడు.

“ఏం అమ్మాయ్, ఒళ్లు మొద్దుబారిందా?”

“అంటే?”

“ట్రూడీది వదిలెయ్. హెల్మర్‌గాడి దెబ్బ నేను తాడవతల నుంచి విన్నాను. ఎద్దును కొట్టినట్టుంది.”

“నాకు తగల్లేదు గురువుగారూ! నిజంగా తగల్లేదు. నేను అబద్ధమాడానంటారా?”

“అన్నానా? ఆరేళ్లుగా నీతో ఆడుతున్నా. నీది అబద్ధం కాదని నాకు తెలుసు. కానీ ఆ చప్పుడూ అబద్ధం కాదు. నాకు తెలిసిన సంగతి ఇక్కడ అందరికీ తెలియదు కదా.” ఆయన గడ్డం గోక్కున్నాడు. “మూడో జోడీ లోపల ఆలోచించుకో. నేనింతకన్నా మాట్లాడకూడదు. ఇదే ఎక్కువ.”

ఆయన వెళ్లిపోయాడు. నేను ఆవుల కొట్టం ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచాను, తిరిగి వచ్చాను, మళ్లీ నడిచాను. పెళ్లి సంబరంలో నిజంగానే మొద్దుబారిపోయానా? గెలవాలన్న ఆశ ఒంటిని కూడా నమ్మించేస్తుందా? పక్కటెముకలు నొక్కి చూసుకున్నాను. ఎక్కడా నొప్పి లేదు. హెల్మర్ కొట్టిన చోట ఈపాటికి వేడెక్కి మండుతూ ఉండాలి. ఏమీ లేదు.

వెండెల్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో రుబార్బ్ పై అనే తీపి రొట్టె ముక్క, గడ్డానికి దాని జామ్ అంటుకుని ఉంది.

“ఎక్కడికి పోయావోయ్? నీకోసం పెద్ద ముక్క దొంగిలించాను.”

“వెండెల్, హెల్మర్ కొట్టినప్పుడు నువ్వు చూశావా?”

“చూడకపోవడమేంటి! నాకు గుండె ఆగిపోయింది. ధబ్‌మని పడింది. నీకు చీమ కుట్టినట్టయినా లేదు కదా?” వాడి ముఖం వెలిగిపోతోంది. “లేదు కదా? చెప్పు!”

“లేదు.”

“నాకు తెలుసు! నాకు తెలుసు!” అంటూ రొట్టె ముక్క చేతిలో ఉండగానే చిందులేశాడు. “చెప్పకూడదనుకున్నాను. ఈ రోజు అయ్యాక చెప్దామనుకున్నాను. పక్కటెముకల దగ్గర దూది ఒక్కటే కాదు. దూదికీ దూదికీ మధ్య ఉన్ని పెట్టాను. పియానో సుత్తులకు చుట్టే ఉన్ని, గ్రెచెన్! నా దగ్గర మిగిలిపోయినది. దెబ్బను పడ్డ చోటే ఉంచకుండా చుట్టూ పరిచేస్తుంది. దానికోసమే చేస్తారు దాన్ని.”

వెండెల్ పియానోలు శ్రుతి చేస్తాడు. సుత్తి తీగను ఎలా తాకుతుందో, ఏ ఉన్ని ఎంత దెబ్బను మింగుతుందో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

నేను కొట్టం గుంజకు ఆనుకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

“ఎందుకు పెట్టావు?”

“ఎందుకేంటి? సరస్సు దగ్గరికి వెళ్లినప్పుడు నువ్వు ఈత బట్టలు మార్చుకుంటుంటే చూశాను కదా. ఈ పక్కంతా వంకాయ రంగులో ఉంది. నువ్వు మళ్లీ నవ్వుతున్నావు, ‘ఇదేముంది’ అంటూ. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.”

వాడికి చెప్పక తప్పదు. చెప్పాను. దెబ్బ తెలియకపోతే ‘గట్టిదే’ అనలేననీ, అనకపోతే ఎదుటివాళ్ల దెబ్బ దొంగిలించినట్టేననీ, పీపా దగ్గర జనం ఎందుకు మాట ఆపేశారో కూడా చెప్పాను. వెండెల్ చేతిలోని రొట్టె ముక్కను మెల్లగా కంచె మీద పెట్టాడు. ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోతుంటే చూడలేకపోయాను.

“అంటే నేను నిన్ను దొంగను చేశానా?”

“లేదు వెండెల్.”

“చేశాను. అందరి ముందూ చేశాను.”

మూడో జోడీకి పిలుపు ఇంకా రాలేదు. బొంతకోటు తీసేసి, ఎవరిదైనా పలచటిది అడిగి వేసుకుని బరిలోకి పోవచ్చు. ఒకటో రెండో గట్టి దెబ్బలు ఒప్పుకుంటే గొణుగుడు సద్దుమణుగుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వెండెల్ పేరు బయటికి రాదు. సాయంత్రం ఓస్రిక్ నా పేరు ఎత్తుతాడు. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే భయమేసింది. నిజం చెప్తే జనం నవ్వేది నన్ను చూసి కాదు. వెండెల్ మా వాళ్ల మధ్యకొచ్చి ఏడాది కూడా కాలేదు. ఎవరి గుడారంలో ఎప్పుడు కూర్చోవచ్చో వాడికింకా సరిగా తెలియదు. కానీ హెల్మర్ “అలాగే అక్కా” అన్న గొంతు చెవిలోంచి పోలేదు. వాడు నన్ను నమ్మి తల వంచాడో, నమ్మకపోయినా వంచాడో తెలియలేదు. రెండోదైతే నేనింక వాడి ఎదుట నిలబడలేను.

“వెండెల్, నేను వాళ్లకు చెప్పాలి. కోటు సంగతి కూడా.”

“చెప్పు. నేను పారిపోవాలా, ఉండాలా?” అన్నాడు.

“ఉండు.”

బరి వైపు నడిచాను. నాకన్నా ముందు కాళ్లు వెళ్లిపోతున్నాయి. ఓస్రిక్ దగ్గర పలచటి పాత కోటు అరువు తీసుకుని వేసుకున్నాను. ట్రూడీనీ, హెల్మర్‌నీ, పర్యవేక్షకురాలు హిల్డా గారినీ పిలిచాను. ఆమె పెద్దావిడ, చేతిలో ఎప్పుడూ పసుపు జెండా కట్టిన కర్ర ఉంటుంది.

“హెల్మర్, పొద్దున కొట్టిన దెబ్బ మళ్లీ కొట్టు. అదే చోట, అంతే బలంగా.”

“వద్దక్కా. అయిపోయిందిగా.”

“బతిమాలుతున్నాను. కొట్టు.”

వాడు హిల్డా గారి వైపు చూశాడు. ఆమె భుజాలెగరేసింది. వాడు కొట్టాడు.

ఊపిరి ఎటుపోయిందో తెలియలేదు. మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. గడ్డి మీద కూర్చుండిపోయి, నోరు చేపలా తెరిచి మూసి, చివరికి అన్నాను: “గట్టిదే. నేను పొద్దున్నే చచ్చిపోవాల్సింది.” ట్రూడీ వైపు తిరిగాను. “నీ చేతిలో ఇంకా ముందే.”

తర్వాత బొంతకోటు చేతిలోకి తీసుకుని, అందులో ఏముందో చెప్పాను. ఎవరు పెట్టారో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

“నేనే పెట్టాను” అన్నాడు వెండెల్. తాడు కిందుగా దూరి వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. “తనకు తెలియదు. ఇప్పుడే చెప్పాను.”

ఎవరో పకపకా నవ్వారు. ఇంకెవరో, “పియానో పెట్టెలో పెళ్లాన్ని దాచుకున్నాడురా!” అన్నారు. నా చెంపలు మండిపోయాయి. వెండెల్ మాత్రం హెల్మర్ ఎదుట నిలబడి, “నన్ను కూడా కొట్టు” అన్నాడు.

“నీకేమైనా పిచ్చా బావా?”

“అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియకుండానే దానికి మందు కుట్టాను. ముందు ఈ కోటుతో కొట్టు. తర్వాత అది లేకుండా.”

హిల్డా గారు అడ్డుపడింది. “కవచం లేనివాడిని బరిలో కొట్టనివ్వను. హెల్మెట్ పెట్టండి వాడికి, నడుము కింద కాపు కూడా కట్టండి. హెల్మర్, నువ్వు సగం బలం. సగంలో సగం.”

నా హెల్మెట్ వాడి తలకు బిగుతుగా దిగింది. బొంతకోటు వాడికి మోకాళ్ల పైకే ఆగిపోయింది. హెల్మర్ కొట్టాడు. ధబ్‌మంది. వెండెల్ కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి, తీగ మోగించి వింటున్నవాడిలా నిలబడ్డాడు.

“తేలిక” అన్నాడు ఆశ్చర్యంగా.

ఈసారి జనమంతా నవ్వారు. కానీ ఆ నవ్వు వేరు. ట్రూడీ గడ్డి మీద కూర్చుండిపోయి మరీ నవ్వింది. బొంతకోటు తీసి, నా ఒంటి మీదున్న ఓస్రిక్ కోటు వాడికి తొడిగారు. హెల్మర్ మళ్లీ, పాపం, జాగ్రత్తగా కొట్టాడు. వెండెల్ కీచుమంటూ ఎగిరాడు. “గట్టిదే! గట్టిదే! అమ్మ బాబోయ్, ఇది నువ్వు రోజూ తింటున్నావా?”

“రోజూ కాదు, నెలకోసారే” అన్నాను. వాడి పక్కన కూర్చుని వాడి పక్కటెముకలు రుద్దుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెప్పలేను. వాడు నొప్పితో నవ్వుతున్నాడు.

హిల్డా గారు జోడీల పట్టిక చూసి తల పట్టుకుంది. “ఇప్పుడు నేనేం చేయాలి? ట్రూడీ గెలిచి ఉంటే హెల్మర్‌తో ఆడేది. హెల్మర్ గెలిచి ఉంటే...”

“మేమిద్దరం కొట్టుకుంటాం, గెలిచినవాళ్లు మూడో జోడీకి పోతారు. దీనికింత లెక్కేంటి?” అంది ట్రూడీ. వాళ్లిద్దరూ కొట్టుకున్నారు. హెల్మర్ గెలిచాడు. వాడు మళ్లీ ఊపిరి పోసుకున్నట్టు ఆడాడు. నేను తాడు ఇవతల కూర్చోలేక నిలబడి, నిలబడలేక నడిచి, వాడి పేరు అరిచాను. అరుస్తుంటే నా పక్కటెముకలు అబ్బా అన్నాయి.

సాయంత్రం తెల్ల పట్టీ వాళ్ల గుడారం లోపలికి పోతూ ఓస్రిక్ నా దగ్గర ఆగాడు.

“ఈసారి నీ పేరు ఎత్తను అమ్మాయ్.”

“తెలుసు గురువుగారూ.”

“తప్పు చేశావని కాదు. వాళ్లంతా పొద్దున చూసింది చూశారు, మధ్యాహ్నం చూసింది చూశారు. రెండూ కడుపులో అరగాలి. కొన్నాళ్లు పడుతుంది.”

నేను తలూపాను. ఆరేళ్లుగా ఎదురుచూసింది అలా ఒక్క మాటలో పక్కకు జరిగిపోతే ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. అంతకన్నా వేరే బెంగ పట్టుకుంది నన్ను. మైదానంలో పోటీ అయిపోయాక సరదాగా ఆడుకునే జోడీలు మొదలయ్యాయి. ఎవరికి ఇష్టమైనవాళ్లను వాళ్లు పిలుచుకుంటారు. నేను మళ్లీ ఓస్రిక్ కోటు వేసుకుని, హెల్మెట్ చేత్తో పట్టుకుని తాడు పక్కన నిలబడ్డాను. ఒక జోడీ అయింది. ఇంకో జోడీ అయింది. నా పక్కగా ఒకామె వెళ్లింది, నవ్వింది, వేరే ఆమెను పిలుచుకుంది. హెల్మెట్ పట్టీ వేలికి చుట్టాను, విప్పాను. వెండెల్ పక్కనే ఉన్నాడు. ‘పోదామా’ అని అడగడానికి నోరు తెరిచి మానుకున్నాడు.

అప్పుడు బరి మధ్యలోంచి, పొద్దున పీపా దగ్గర నాకు నారింజ ముక్క ఇచ్చినామె హెల్మెట్ పైకెత్తింది. ఆమె పేరు కూడా నాకు సరిగా తెలియదు.

“ఏయ్, పియానో! నీకు ఇంకా ప్రాణముందా, లేక ఇవాళ్టికి చచ్చిపోయినట్టేనా?”

“ఉంది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “వస్తున్నా.”

“ఎక్కడ కొట్టాలో చెప్పు, మొగుడు చూస్తున్నాడు కదా.”

“నువ్వు కొట్టు. ఎక్కడ తగిలిందో నేను చెప్తా.”

బరిలోకి దిగాను. ఆమె చేయి వేగం. రెండు మార్లు తప్పించుకున్నాను, మూడోది వచ్చి సరిగ్గా అదే నొప్పి పక్కటెముకల మీద పడింది. తాడు అవతల వెండెల్ “అబ్బా!” అనడం నాకన్నా ముందే వినిపించింది. నిజంగా గట్టిదా, హెల్మర్ కొట్టిన చోట పడ్డందుకు అలా అనిపించిందా? ఒక్క క్షణం తూచుకున్నాను. ఆమె కత్తి దించి నిలబడింది. ఈసారి ఆమె నా ముఖంలోకి తొంగి చూడలేదు. నేనేం చెప్తే అదేనన్నట్టు తాపీగా తన చేతి తొడుగు సర్దుకుంటోంది.

“గట్టిదే!” అని అరిచి గడ్డి మీద వెల్లకిలా పడ్డాను. “మళ్లీ! ఇంకోటి ఆడదాం, మళ్లీ!”